మైలుతుత్తంలో ఇంత సంగతుందా!

అబ్బ! అబ్బబ్బ! ఈ ముక్క నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?

ఎరువుల కొట్లో అమ్ముతారే, సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసి తోటలకు కొడతారే, ఆ మైలుతుత్తమే! కాపర్ సల్ఫేట్! ఓ కాలేజీ ల్యాబ్‌లో చిటికెడు పరీక్షనాళికలో వేసి మంట మీద పట్టారు. చూస్తుండగానే ఆ నిగనిగలాడే నీలం పాలిపోయింది... ఇంకా పాలిపోయింది... తెల్లటి పొడి అయి కూర్చుంది! నాళిక పైఅంచున నీటి బొట్లు! పొడిగా గలగలలాడే స్ఫటికంలో నీళ్లెక్కడివండీ? ఒక్కో రాగి అయానుకీ ఐదేసి నీటి అణువుల లెక్కన లోపలే ఉన్నాయట!

చల్లారాక ఒక్క నీటి చుక్క వేశారు. అంతే! నీలం భగ్గున తిరిగొచ్చింది! పైగా వేడి, చేతికి తెలిసేంత వేడి!

ఆగండి, ఇంకా ఉంది. కాస్త నీళ్లలో కరిగించి అమ్మోనియా పోశారు. ముందు పాలు విరిగినట్టు లేతనీలం ముద్దలు. ఇంకొంచెం పోస్తే ముద్దలన్నీ మాయం! చిక్కని, లోతైన, కళ్లు తిప్పుకోనివ్వని ముదురు నీలం!

అదే రాగి. మారిందల్లా దాని చుట్టూ చేరినవే!

రాగి పరివర్తన లోహమట. క్రోమియం, ఇనుము, కోబాల్ట్, నికెల్ అన్నీ ఆ కుటుంబమే. వీటి రంగుల గుట్టంతా ఎలక్ట్రాన్లుండే డి-ఆర్బిటాళ్లనే అరల్లో ఉంది. వాటిలో పది ఎలక్ట్రాన్లు పడతాయి. మైలుతుత్తంలోని రాగికి తొమ్మిదే ఉన్నాయి. ఒక్క ఖాళీ! చుట్టూ నీటి అణువులు చేరగానే ఆ ఆర్బిటాళ్లు పైమెట్టు, కిందిమెట్టుగా విడిపోతాయి. కింది ఎలక్ట్రాను కాంతిని మింగి పై ఖాళీలోకి ఎగురుతుంది. మింగింది ఎరుపు వైపు కాంతి, మనకు మిగిలింది నీలం! అమ్మోనియా వస్తే మెట్ల మధ్య ఎడం పెరిగి నీలం ముదురుతుంది. నీళ్లు పోతే ఎడం తగ్గి, మింగేది కంటికి కనబడని పరారుణ కాంతి అవుతుంది. అందుకే తెలుపు!

మరి జింక్ సల్ఫేట్? వరికి జింకు లోపిస్తే వేస్తారే, అది తెల్లగా ఎందుకుంటుందో తెలుసా? ఆవర్తన పట్టికలో రాగి పక్కిల్లే జింకుది. కానీ దానికి పదికి పదీ నిండిపోయాయి, ఎగరడానికి చోటే లేదు! ఒక్క ఎలక్ట్రాను తేడా, రంగే లేదు!

ఇక కెంపు, పచ్చ సంగతి వింటే కుర్చీలో కూర్చోలేరు. కెంపు ఎరుపు క్రోమియం వల్లే. చాలా పచ్చల్లో ఆకుపచ్చా అదే క్రోమియం వల్లే! కెంపులో చుట్టూ ఉన్న ఆక్సిజన్లు కాస్త బిగువుగా పట్టుకుంటాయి, పచ్చలో కాస్త వదులుగా. ఆ రవ్వంత తేడాకే ఎరుపు, ఆకుపచ్చ! ఎంత వింత! ఎంత సొగసు!

మీకు తెలిసిన కెమిస్ట్రీ టీచరెవరైనా ఉంటే ఇది చూపించమని ఇవాళే అడగండి. మైలుతుత్తం విషం, వంటింట్లో ప్రయోగాలొద్దు. ల్యాబ్‌లోనే, రక్షణ కళ్లద్దాలు పెట్టుకునే. పిల్లల్నీ వెంటబెట్టుకెళ్లండి. ఆ తెల్లపొడి మీద నీటి చుక్క మాత్రం మీ చేత్తోనే వేయండి. మీరూ చూడండి!