పంతొమ్మిది వోల్టులు

కాలిన సర్క్యూటు బోర్డుకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది. ఒకసారి ముక్కుకు తగిలితే మళ్ళీ ఎన్నడూ పొరబడము. నిరుడు వేసవిలో ఒక సాయంత్రం, జమ్మలమడుగులో మా అమ్మ ఉంటున్న ఇంట్లో, ముందుగదిలో ఆ వాసన వచ్చింది.

కరెంటు పోయి అప్పుడే వచ్చింది. పోయినప్పుడు తీగలన్నీ పీకివేశాను. వచ్చిన తరువాత ఒక్కొక్కటే మళ్ళీ తగిలించసాగాను. హార్డుడిస్కు పెట్టెలో తీగ గుచ్చగానే చిటికె వేసినంత చప్పుడు వినిపించింది. పెట్టె మీది నీలం దీపం వెలగలేదు. ఎడాప్టరు మీది పచ్చదీపం ఒకసారి రెప్పవేసి ఆరిపోయింది. ఆ వెనుకనే వాసన.

పక్కన మా అక్క కొడుకు నిలబడి ఉన్నాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లవాడు, సెలవులకు పులివెందుల నుంచి అవ్వను చూడవచ్చినాడు. "ఏం చేసినావురా దీన్ని?" అని గట్టిగా అరిచాను. "నేను ముట్టుకోనేలేదు మామా" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదన్న సంగతి వాడికి తెలిసేటట్టు మరో నాలుగు మాటలు కూడా అన్నాను. మరునాడు తొలి బస్సుకే వాడు పులివెందుల వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక, పగటి వెలుగులో చూశాను. నా చేతిలో ఉన్నది లాప్‌టాపు ఎడాప్టరు. దాని మీద చీమతలకాయలంత అక్షరాలలో 19 వోల్టులు అని ఉంది. డిస్కు పెట్టెకు కావలసినది 12. రెండు ఎడాప్టర్లూ నల్లనివే, రెండింటి మూతులూ గుండ్రనివే. బయటి కొలత ఒకటే, లోపలి రంధ్రం మాత్రం లాప్‌టాపుదానికి అర మిల్లీమీటరులోపు పెద్దది. అందువల్ల చిన్న రంధ్రం గల డిస్కు తీగ లాప్‌టాపులోకి దూరదు గానీ, లాప్‌టాపు తీగ డిస్కు పెట్టెలోకి కాస్త వదులుగానైనా చక్కగా దూరుతుంది. పొరపాటు జరగడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ దారినే వెళ్ళాను.

ఆ డిస్కులో ఉన్నది ఏమిటో చెబితే తప్ప, ఒక యంత్రభాగం కోసం మూడు ఊళ్ళు ఎందుకు తిరిగానో మీకు అర్థం కాదు. మాది కొండాపురం మండలం. గాలేరు-నగరి పథకంలో భాగంగా గండికోట దగ్గర పెన్నకు అడ్డంగా కట్టిన జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. నీటిమట్టం పెరుగుతూ వచ్చి 2020లో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మా ఊరూ ఆ వరుసలోనిదే. అది ఖాళీ కాకముందు నేను నెల రోజులు సెలవు పెట్టి ఊరంతా ఫోటోలు తీశాను. ప్రతి వీధి, ప్రతి గడప, చావడి రాతికట్ట, ఇంటి దూలం మీద జేజినాయన బొగ్గుతో రాసిపెట్టుకున్న ధాన్యం లెక్కలు. వాటితో పాటు మా అవ్వ గొంతు, పదకొండు గంటల పైచిలుకు. దంపుళ్ళ పాటలు, పెళ్ళిపాటలు, మధ్యమధ్య తిట్లు, ఎవరు ఎవరికి ఏమవుతారన్న వంశావళులు. అవ్వ ఆ మరుసటి ఏడు పోయింది.

మరి రెండవ ప్రతి ఎందుకు లేదని అడుగుతారు. అడగవలసినదే. రేపు తీద్దామనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను. ఇంతకంటే సమాధానం లేదు.

అమ్మ ఒకే ప్రశ్న వేసింది. "అవ్వ గొంతు దాంట్లోనే గదా నాయనా ఉండేది?"

*

హార్డుడిస్కు అని మనం పిలిచేది నిజానికి రెండు వస్తువుల జంట. గట్టిగా మూసిన లోహపు పెట్టెలో అద్దంవంటి పళ్ళాలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటిపైన వెంట్రుక మందంలో వేలవంతుకన్నా తక్కువ ఎత్తున చదివే తలలు తేలుతుంటాయి. అది మొదటి వస్తువు. మన రాతకోతలన్నీ ఆ పళ్ళాల మీదనే, అయస్కాంతపు గుర్తులుగా ఉంటాయి. ఆ పెట్టె అడుగున మరలతో బిగించిన అరచేయంత బోర్డు రెండవ వస్తువు. మోటారును తిప్పడం, తలలను నడపడం, చదివినదానిని కంప్యూటరుకు అందించడం దాని పని. వోల్టేజీ తప్పితే సాధారణంగా కాలేది ఈ రెండవదే. రాత చెరగదు, చదివి వినిపించేవాడి నోరు పడిపోతుంది.

బోర్డులోకి రెండు దారులలో కరెంటు వస్తుంది. 12 వోల్టులు ముఖ్యంగా మోటారుకు, 5 వోల్టులు ఆలోచించే చిప్పులకు. ఒక్కొక్క దారి మొదట్లోనే, దానికీ భూమి తీగకూ నడుమ టీవీయస్ డయోడు అనే నల్లని చిన్న ముక్క కాపలా కాస్తుంటుంది. మామూలు రోజులలో అది ఏమీ చేయదు. 12 వోల్టుల దారిలో ఉన్నది, వోల్టేజీ 14కు అటూ ఇటూ చేరేసరికి మేలుకొని, ఎక్కువైనదానిని తన గుండా భూమిలోకి మళ్ళిస్తుంది. మెరుపువంటి క్షణికమైన పోటు అయితే తట్టుకుంటుంది. 19 వోల్టులు నిలకడగా వస్తే తట్టుకోలేదు, వేడెక్కి తానే కాలి, లోపల రెండు కొసలూ కలిసిపోతాయి. అప్పుడు దారి మొత్తం భూమికి అంటుకుపోతుంది గనుక ఎడాప్టరు తనను తాను ఆపుకుంటుంది. పచ్చదీపం రెప్పవేసి ఆరిపోవడానికి కారణం అదే. చాలాసార్లు ఆ డయోడును ఊడదీసి, సరైన వోల్టేజీ ఇస్తే డిస్కు లేచి కూర్చుంటుంది. కాపలాదారు లేని ఇల్లు కాబట్టి వెంటనే సామాను బయటికి చేరవేసుకోవాలి, అంతే.

ఇదంతా చదివి తెలుసుకున్నాను గానీ, నా చేతులకు ఆ పని రాదు. ప్రొద్దుటూరు వెళ్ళాను.

ప్రొద్దుటూరును రెండవ బొంబాయి అనడం మా జిల్లాలో పాతమాట. బంగారపు అంగళ్ళ వీధులు దాటి ఒక సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడు ఉన్నాడు. వాళ్ళ నాయనది కంసాలి పని. ఊదుగొట్టంతో నిప్పును ఊది, ఉంగరపు అతుకు మీదికి మంటను సూదిమొనలాగా మళ్ళించేవాడట. కొడుకు చేతిలో ఇప్పుడు వేడిగాలి యంత్రం. పని పెద్దగా మారలేదని నాకు తోచింది.

నేను చదువుకొచ్చినది చెప్పబోయాను. అతడు విననట్టే డిస్కును తిప్పి, నక్షత్రపు మొన గల స్క్రూడ్రైవరుతో మరలు విప్పి, బోర్డును ఎత్తి వాసన చూశాడు. తరువాత మీటరు ముల్లులు రెండు చోట్ల ఆనించాడు. మీటరు కూసింది. "పన్నెండు వోల్టుల లైను షార్టులో ఉండాది అన్నా. ఐదు లైను బాగుండాది." డయోడును వేడిచేసి పటకారుతో తీసి పక్కన పడవేశాడు. మీటరు మళ్ళీ పెట్టాడు. కూత లేదు.

12 వోల్టులు ఇచ్చి చూశాము. డిస్కు తిరగలేదు. చెవి దగ్గర పెట్టుకొని విన్నాను, ఏమీ వినిపించలేదు. అతడు భూతద్దం కింద బోర్డును జరిపి జరిపి చూసి, మోటారును నడిపే చిప్పు నడిమధ్యన వేలు పెట్టి చూపించాడు. ఆవగింజంత బొబ్బ. డయోడు కాలేలోగా పోటు కొంత లోపలికి చొరబడింది.

"ఇదే మోడలు డిస్కు ఇంకోటి తెచ్చుకోండన్నా. బోర్డు మార్చేద్దాం. పేరు ఒకటైతే సాలదు, సైజు ఒకటైతే సాలదు. ఇదిగో, బోర్డు మీద అచ్చేసిన ఈ నెంబరే ఉండల్ల."

నెంబరును ఫోటో తీసి తెలిసినవారందరికీ పంపాను. అక్కకు కూడా పంపాను, మేనల్లుడికి చూపించమని మాత్రం చెప్పలేదు. చెప్పడానికి మొగం చెల్లలేదు. రెండు రోజులు ఎక్కడినుంచీ జాడ లేదు. మూడవనాడు వాడే ఫోను చేశాడు. "మామా, నెంబరు దొరికింది. మా క్లాస్‌మేటు వాళ్ళ నాయనకు డీటీపీ సెంటరుంది. అటక మీద పాత డిస్కులు ఏడెనిమిది ఉంటే అన్నీ తిప్పి చూసినా."

*

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పులివెందులకు పోయాను. ఎర్రగుంట్ల దాటాక థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు ఎంతో దూరం వెంట వస్తాయి. 1650 మెగావాట్ల కరెంటు పుట్టగల చోటు. అంత శక్తి పుట్టే చోటు పక్కనుంచి, ఏడు వోల్టులు ఎక్కువైనందుకు కాలిన అరచేయంత బోర్డును సంచిలో పెట్టుకొని పోతున్నాను. ఆ పొగగొట్టాల దగ్గరనే కలమళ్ళ. రేనాటి చోళుడు ఎరికల్ ముతురాజు ధనంజయుడి శాసనం దొరికిన ఊరు. సామాన్య శకం 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించిన తొలి తెలుగు శాసనం అది. దాదాపు 1450 ఏళ్ళ కిందటి రాయి. అక్షరాలు కొన్ని అరిగాయి, కొన్ని ఉన్నాయి. చదవడానికి కరెంటు అక్కరలేదు. నా పని అప్పటి రాతిపనివాడు చూస్తే ఏమనేవాడో అనుకుంటూ కూర్చున్నాను. (ఏమీ అనేవాడు కాదు. పదకొండు గంటల అవ్వ గొంతును రాతి మీద చెక్కమంటే ఉలి కిందపడేసి పారిపోయేవాడు.)

బస్టాండుకు మేనల్లుడే వచ్చాడు. ఏమని మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు. "తప్పు నాదిరా. తగిలించింది నేనే. నిన్ను అన్నాను" అన్నాను. "తెలుసు మామా. ఆ రోజే చూసినా ఎడాప్టరు" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, "అప్పుడు చెప్తే ఇంగా కొడ్తావని" అని నవ్వాడు. వాడు నవ్వినా, అమ్మ ముందర పడిన మాటలు కాబట్టి అమ్మ ముందరనే చెప్పాలని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. తరువాత చెప్పాను కూడా.

డీటీపీ సెంటరు డిస్కు మా డిస్కుకు సరిగ్గా తలకిందులు. కరెంటు ఇస్తే తిరుగుతుంది, కానీ లోపల తలలు చెడి టక్కు టక్కుమంటుంది. పళ్ళాలు పోయి బోర్డు మిగిలింది అక్కడ. బోర్డు పోయి పళ్ళాలు మిగిలాయి ఇక్కడ. యజమాని డబ్బు తీసుకోలేదు. అందులోవి పాత పెళ్ళిపత్రికలూ కరపత్రాలూ అని, పోతే పోనిమ్మని అన్నాడు.

ఆ సాయంత్రమే బోర్డు విప్పి మాదానికి బిగిద్దామని నాకు తొందర. ప్రొద్దుటూరు కుర్రవాడికి ఫోను చేశాను. "వద్దన్నా, ముట్టుకోవద్దు, ఇంటికి తేండి" అన్నాడు. కారణం మరునాడు చూపించాడు. బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. తయారైననాడు ఆ డిస్కు తలలకూ పళ్ళాలకూ ఉన్న సూక్ష్మమైన తేడాలను కొలిచి, ఆ కొలతలను అందులో రాసిపెడతారు. ఒకే అచ్చులో పోసిన రెండు డిస్కులకు కూడా ఆ కొలతలు ఒకటి కావు. పాతకాలపు డిస్కులలో బోర్డు మారిస్తే సరిపోయేది. తరువాతివాటిలో ఆ చిప్పును కూడా పాత బోర్డు నుంచి ఊడదీసి కొత్త బోర్డుకు అతకాలి. పరాయి కొలతలతో నడిపితే డిస్కు అయోమయపడి ఊరక కొట్టుకుంటుంది. నేను తొందరపడి ఉంటే ఉన్నది కూడా పోగొట్టుకునేవాడినేమో.

చిప్పును మార్చడానికి అతడికి పది నిమిషాలు పట్టింది. చుట్టూ ఉన్న చిన్న ముక్కలు ఎగరకుండా వేడిని తట్టుకునే పసుపుపచ్చని టేపు అంటించి, ఫ్లక్సు రాసి, గాలి తిప్పుతూ తిప్పుతూ, టంకం మెత్తబడగానే చిప్పును ఎత్తాడు. ఒక మూల చుక్క గుర్తు చూసుకొని కొత్తచోట దించాడు. పెట్టె వైపు ఉన్న రాగి చుక్కలు నల్లబడి ఉంటే బడిపిల్లల రబ్బరుతో రుద్ది మెరిపించాడు. ఇంతటి పనిలో నాకు బాగా గుర్తున్నది ఆ రబ్బరే.

మరలు బిగించాడు. పెట్టె జోలికి పోకుండా డిస్కును నేరుగా తన కంప్యూటరుకు తగిలించాడు. కొన్ని కంపెనీ పెట్టెలలో సమాచారం సంకేతలిపిలోకి మారి డిస్కులోకి పోతుంది. అటువంటివాటిని పెట్టె నుంచి విడదీస్తే చదవలేము. మాది విడిగా కొని డిస్కు బిగించుకున్న పెట్టె గనుక ఆ చిక్కు లేదు. మీట నొక్కాడు. సన్నని ఈల మొదలై, పెరిగి, నిలకడ పడింది. టక్కుమనలేదు. తెర మీద డిస్కు పేరు వచ్చింది. దానికింద మా ఊరి పేరు గల ఫోల్డరు.

"ఊరుండాదన్నా" అన్నాడు కుర్రవాడు.

అప్పటికప్పుడు రెండు కొత్త డిస్కులు కొని, ఒకదాని తరువాత ఒకటిగా రెండు ప్రతులు తీశాము. 180 గిగాబైట్లు. ఒక్కొక్కదానికి గంట పైచిలుకు పట్టింది. ఆ రెండు గంటలూ నేను అంగడి గడప మీద కూర్చొని ఇన్వర్టరు దీపం వైపే చూశాను. పని ముగిశాక 1200 రూపాయలు అడిగాడు. ఎక్కువ ఇవ్వబోతే కోపగించుకున్నాడు.

రాత్రి జమ్మలమడుగు చేరేసరికి అమ్మ మేలుకొనే ఉంది. అవ్వ పాటల్లో ఒకటి పెట్టాను. అమ్మ పాట వినలేదు. పాట వెనుక వినిపిస్తున్న చప్పుడు విన్నది. "అది మన గిలక" అన్నది. నాకు అప్పటివరకు పట్టనే లేదు. అవ్వ పాడుతున్నంతసేపూ వెనుక ఎవరో బావిలోంచి నీళ్ళు చేదుతున్నారు. చేద దిగడం, మునగడం, గిలక కిర్రుమంటూ ఎక్కడం. ఇప్పుడు ఆ బావి మీద ఎంత లోతు నీళ్ళున్నాయో.

"ఎవరు చేదేది?" అని అడిగాను.

"నేనే" అన్నది అమ్మ.

మరునాడు 12 వోల్టుల తీగ కొసన ఎర్ర గోళ్ళరంగు పూశాను, డిస్కు పెట్టె రంధ్రం చుట్టూ అదే రంగు. రెండు ప్రతులలో ఒకటి అమ్మ బీరువాలో ఉంది. రెండవది పులివెందులలో, మేనల్లుడి దగ్గర.