తారాతరిణి మెట్లు

మన బరంపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, పురుషోత్తమపురం చేరువలో, ఋషికుల్య ఒడ్డున తారాతరిణి కొండ ఉన్నది. మెట్లు 999. పైదాకా మోటారు దారి ఉన్నది. 2013లో రోప్‌వే కూడా వచ్చింది. అయినా నడిచి ఎక్కేవారికి కొదువ లేదు. కాళ్ళనొప్పులు కోరి తెచ్చుకోవడమెందుకని ఒకప్పుడు నేనూ అనుకునేవాణ్ణి.

మొదటిసారి మా ఆఫీసు కుర్రవాడొకడితో పందెం వేసి ఎక్కాను. ఓడినవాడు టిఫిన్ పెట్టించాలి. నలభై దాటిన సంగతి మరచి పరుగు లంకించుకున్నాను. సగం దారిలో అతడు కనుమరుగయ్యాడు. అంతే, నా కాళ్ళు చచ్చుబడ్డాయి. ఓడిపోయాక ఇక పైకెందుకు అనిపించింది. అమ్మవారి దర్శనం మాటయినా తోచలేదు సుమండీ! సిగ్గుతో దిగివచ్చి, టిఫిన్ బాకీ మాత్రం తీర్చుకున్నాను.

మరుసటి చైత్రంలో ఒక మంగళవారంనాడు మళ్ళీ వెళ్ళవలసివచ్చింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు మా చెల్లెలికి కొడుకు పుట్టాడు. నడిచి కొండెక్కి వాడి పుట్టువెంట్రుకలు ఇస్తానని మొక్కుకున్నది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి గదా! వాణ్ణి నేనెత్తుకున్నాను.

"అన్నయ్యా, నీవల్ల అవుతుందా? బండిలో రారాదూ?" అన్నది చెల్లెలు.

పక్కన ఎక్కుతున్న ముసలమ్మ, "యాభై మెట్లకొకసారి కూర్చోండి నాయనా, అదే వస్తుంది కొండ" అన్నది. లెక్క వేస్తే 20 మజిలీలు. గుమాస్తాను గనుక ఆ లెక్క నాకు నచ్చింది. 999 తలచుకుంటే గుండె జారుతుంది. యాభై ఎవరైనా ఎక్కగలరు. 2014 మే 25న, పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మన తెలుగుపిల్ల మాలావత్ పూర్ణ కూడా భువనగిరి గుట్టమీదనే సాధన చేసింది.

పన్నెండో మజిలీ దగ్గర చెల్లెలు సొమ్మసిల్లినట్లు కూలబడింది. నా మోకాళ్ళూ వణుకుతున్నవి. కాని దిగిపోదామన్న ఊహ రాలేదు. ఈసారి ముందు పరుగెత్తేవాడెవడూ లేడు. చంకలో పసివాడు నా జుట్టు పీకుతూ నవ్వుతున్నాడు. "ఇక ఎనిమిదే అమ్మా" అన్నాను. లేచింది.

మొక్కు తీరింది. దిగుతూండగా ఒక యువకుడు, "ఎన్ని నిమిషాల్లో ఎక్కారండీ?" అని అడిగాడు. ఆ రోజంతా గడియారం చూసుకోనేలేదని అప్పుడు తెలిసింది.