కాలువ పుట్టిన చోటికి

యాత్ర యనగానే మనకు కాశీయు, రామేశ్వరమును, తిరుపతియు తలపునకు వచ్చును. ఈ వ్యాసమున మేము చెప్పబోవునది అంతటి దూరపు ప్రయాణము కాదు. ప్రొద్దున మా యింట బయలుదేరి, మధ్యాహ్న భోజనమునకు ముందే చేరదగిన చోటు. అయినను మా యత్తగారు కాపురమునకు వచ్చిన నాటినుండి అరువది యేండ్లుగా "ఒక్కసారి చూడవలె" ననుకొనుచు, చూడలేకపోయిన చోటు. మా కాలువ యెచ్చట పుట్టునో ఆ చోటు.

మాది కోనసీమలో ఉప్పలగుప్తము వైపున, సముద్రమునకు దగ్గరగా నున్న పల్లె. గోదావరి కాలువకు మేము శివారువారము. కాలువ మొదట నున్నవారికి శివారు అను మాటలోని బరువు తెలియదు. వారి చేలు తడిసి, వారి చెరువులు నిండి, వారి బోదెలు పొర్లిన పిమ్మట మిగిలిన నీరు మాకు వచ్చును. మిగులని యేడు రాదు. దాళ్వాలో వంతులు పెట్టినప్పుడు మా వంతు రాత్రి మగవారు గట్టుమీద కావలి కాయుదురు. సార్వాలో కష్టము మరియొక విధము. పైచేల నీరంతయు మురుగుకాలువ వెంట మా మీదికి వచ్చి, సముద్రపు పోటువలన కదలక, నాట్లు వేసిన చేలు దినముల తరబడి మునిగి యుండును. "కావలసినప్పుడు రాదు, వద్దన్నప్పుడు పోదు" అని మా మామగారు అనెడివారు.

అత్తగారికి 1962లో వివాహమయ్యెను. అప్పుడు కాలువలమీద పడవలు నడచుచుండెను. ఎగువ గ్రామమైన వారి పుట్టింటినుండి పెండ్లికూతురును, సారెబుట్టలను, ఇత్తడి బిందెలను పడవ కెక్కించి, ఒడ్డున ఇద్దరు మనుష్యులు త్రాటితో లాగుచుండగా రాత్రియంతయు ప్రయాణము చేయించి, తెల్లవారుసరికి మా యూరి రేవున దింపిరట. లాకులవద్ద తలుపులు మూసి నీరు తగ్గించినప్పుడు, పడవతోపాటు తామును చీకటిలో క్రిందికి దిగిపోవుచుండగా, భయపడి తోడుపెండ్లికూతురి చేయి గట్టిగా పట్టుకొంటినని ఇప్పటికిని నవ్వుచు చెప్పుదురు.

ఆ వచ్చినది మొదలు వారి దినచర్యయంతయు కాలువతోడనే. రేవున బిందె ముంచుట, చిల్లగింజ అరగదీసి నీటిలో కలుపుట, తేరిన పిమ్మట వడగట్టి త్రాగుటకు వేరుగా నుంచుట. ఎనమండుగురున్న సంసారమునకు దినమునకు పదునాలుగు బిందెలు. ఇప్పుడు కొళాయి తిప్పిన నీరు వచ్చుచున్నది కదా యని మా పిల్లలందురు. ఆ కొళాయిలో వచ్చునదియు కాలువనీరే. చెరువులో నిలువచేసి, వడబోసి, గొట్టముల వెంట పంపుచున్నారు. బిందె మోయు నడుము మారినది గాని నీరు మారలేదు.

వేసవిలో కాలువలు కట్టివేసి సామాన్యముగా జూన్ మొదటి దినములలో నీరు విడుతురు. అది మా రేవునకు చేరుటకు మరికొన్ని దినములు పట్టును. చేరిన నాటి సాయంకాలము అత్తగారు పసుపు కుంకుమలతో రేవునకు పోయి, అరటిదొప్పలో దీపము పెట్టి నీటిలో వదలెడివారు. ఈ పూజ ఏ వ్రతకల్పములోను లేదు. వారి యత్తగారు చేసిరి కనుక వీరును చేసిరి. 1996 నవంబరు 6వ తేదీ తుపానున మా కొబ్బరితోట నేలగూలి, ఇంటికప్పు లేచిపోయినది. ఆ మరుసటి యేడు కూడ దీపము మానలేదు.

2011లో మానిరి. ఆ సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. ధాన్యమునకు గిట్టుబాటు ధర లేదు, కూలి, ఎరువుల ఖర్చు పెరిగినది, ముంపు తొలగదు. కావున శివారు మండలములవారు మొదలుగా చేలు బీడు పెట్టిరి. అన్నపూర్ణ యని పేరు పొందిన సీమలో రైతు తనంతట తానే నాగలి దించుట యెట్లుండునో, ఆ యేడు మా వాకిట ఖాళీగా నున్న గాదెను చూచినవారికే తెలియును. మా వారును తక్కిన రైతులతో కలిసిరి. ప్రభుత్వమువారు విచారణకొక సంఘమును నియమించిరి. ఆ జూనులో కాలువకు నీరు వచ్చినది. అత్తగారు ఏమియు ననలేదు. అరటిదొప్ప కోయలేదు, అంతే. మరుసటి యేడు చేలు మరల వేసితిమి. దీపము మాత్రము మరల వెలుగలేదు. పదునాలుగు సంవత్సరములు గడచినవి.

మొన్న మాఘమాసములో ఒకనాడు బియ్యము చెరుగుచు వారే యెత్తిరి.

"అమ్మాయీ, కన్ను పూర్తిగా మసకబారకముందు నన్నొకసారి ధవళేశ్వరం తీసుకుపోతారా?"

"గోదావరి స్నానానికా అత్తయ్యగారూ?"

"కాదు. ఒక మాట అడగాలి."

ఎవరినని మేము అడుగలేదు. ఆ ఆదివారమే కారు కుదుర్చుకొని, అత్తగారు, మా వారు, చిన్నపిల్లవానితో బయలుదేరితిమి. అత్తగారు తమ ఇత్తడి మరచెంబును ఒడిలో పెట్టుకొనిరి. దారిలో త్రాగుటకు నీరు కాబోలు ననుకొంటిమి. మేమును ఒక సంచి తెచ్చుకొంటిమి. నెలనాళ్ల పూజానిర్మాల్యము, ఎండిన పూలదండలు, గోదావరిలో కలుపుటకని ఒక ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి యుంచితిమి. ఆ సంచి సంగతి మరల వచ్చును.

అమలాపురము దాటి, అరటిగెలల సంతకు పేరుపడిన రావులపాలెము దాటి, ఆత్రేయపురము చేరినప్పుడు పూతరేకులు కొనక కదలుట మా పిల్లవానితో సాధ్యమగు పని కాదు. రెండు పెట్టెలు కొంటిమి. బొబ్బర్లంక దాటి బ్యారేజీ మీదికి ఎక్కగానే అత్తగారు కిటికీ అద్దము దింపించిరి.

ఇంతటి నదిని ఒక్కచూపున చూచుట కష్టము. అందుకే కట్టినవారును నాలుగు ఖండములుగా కట్టిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలమీద, నడుమ లంకలను ఆధారముగా చేసికొని, ఈ కట్టడము సాగినది. ఇప్పుడు మనము చూచునది 1982లో పూర్తియైన బ్యారేజీ. తలుపులు మొత్తము 175, అందు ధవళేశ్వరపు పాయమీదనే 70. దీనికి ముందున్న పాత ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో ప్రారంభించి 1852లో ముగించెను. నందన నామ సంవత్సరపు కరవు 1832-33లోను, కోరంగి తుపాను 1839లోను ఈ మండలమును పీడించి పోయిన పిమ్మటి మాట అది. సముద్రములోనికి వ్యర్థముగా పోవు నదియొడ్డున జనులు ఆకలిచే మరణించిరి. నేడు మూడు డెల్టాలలో కలిపి సుమారు పది లక్షల ఎకరములు ఈ నీటితో పండుచున్నవి.

మా ప్రాంతమున అనేక గ్రామములలో కాటన్ విగ్రహములు కలవు. ఆయన జన్మదినమైన మే 15న రైతులు దండలు వేయుదురు. గోదావరి స్నానసంకల్పములో ఆయనను స్మరించు పురోహితులు కలరని పెద్దలు చెప్పుదురు. పరదేశీయుడు, పరమతస్థుడు, మనలను ఏలిన కుంపిణీవారి ఉద్యోగి. అట్టివానిని సంకల్పములో చేర్చుకొనిన విశ్వాసము చిన్నది కాదు. అట్లని కుంపిణీవారు కేవలము దయాధర్మములకై ధనము వెచ్చించిరని మేము నమ్మము. నీరు వచ్చినచోట శిస్తును పెరుగును. ఆ లెక్క వారికి బాగుగా తెలియును.

ధవళేశ్వరమున కాటన్ పేర నున్న ప్రదర్శనశాలలో ఆనకట్ట నమూనాలు చూచుచుండగా మా వారు మరియొక సంగతి చెప్పిరి. ఇసుకనేలపై నిలుచునట్లు పునాది వేయు ఉపాయమును కాటన్ కావేరిమీద చోళులు కట్టిన కల్లణై అను పాత ఆనకట్టను చూచి నేర్చుకొనెననియు, ఆ సంగతి ఆయనయే ఒప్పుకొనెననియు. అనగా మన వరిచేలకు ఎన్నడో గతించిన తమిళ తాపీపనివారికిని ఋణమున్నది. ఇచ్చట కాటనునకు తోడునిలిచి పనివారిని సమకూర్చిన వీణెం వీరన్నగారున్నారు. ధవళేశ్వరపు కొండరాయి కొట్టి, మన్ను మోసిన కూలీలున్నారు. ఒక దశలో వారే పదివేలమంది. విగ్రహము ఒక్కరికే దొరకినది. పదివేలమందికి విగ్రహములు పెట్టుట యెట్లును కుదరదు గదా యని మా వారనిరి. కుదరదు, నిజమే, అయినను ఆ మాట మాకు రుచింపలేదు.

అత్తగారు ఇవి యేవియు విననట్లే యుండిరి. "మన కాలవ ఏది? ఇక్కడే కదా పుడుతుంది?" అని రెండుసార్లు అడిగిరి. అక్కడ నున్న ఒక పెద్దమనిషి, ధవళేశ్వరము నుండి పోవునది తూర్పుడెల్టా కాలువయనియు, కోనసీమకు పోవు మధ్యడెల్టా కాలువ బొబ్బర్లంక వద్ద బయలుదేరుననియు చెప్పెను. అరువది యేండ్లుగా ధవళేశ్వరమునే తలచుకొనిన ముసలామెకు ఆ మాట కొంచెము కష్టముగా తోచినది. "అయితే దాటి వచ్చేశామన్నమాట" అని మాత్రమనిరి. తిరుగు ప్రయాణములో వంతెనమీద కారాపి మా నిర్మాల్యపు సంచిని నమస్కరించి గోదావరిలో విడిచితిమి.

బొబ్బర్లంకవద్ద తలుపుల క్రిందినుండి కాలువ బయటికి వచ్చుచుండెను. తేటగా, చల్లగా, వడిగా. మెట్లవద్ద అత్తగారిని చెరియొక రెక్క పట్టుకొని దింపితిమి. ఆమె నీటిలో చేయి ముంచి తలమీద చల్లుకొనిరి. పిమ్మట మరచెంబు మూత విప్పిరి. అందులో నున్నది త్రాగునీరు కాదు. మా రేవు నీరు. పచ్చగా, నాచు కంపుతో. దానిని దోసిటిలో పోసికొని కాలువకు చూపించుచు, ఇంటిలో ఆడపడుచుతో మాటలాడినట్లుగా అనిరి.

"ఇదిగో తల్లీ. ఇక్కడ ఇలా బయలుదేరుతున్నావు. మా దగ్గరికి వచ్చేటప్పటికి ఇలా అయిపోతున్నావు. దారిలో ఏం జరుగుతోంది నీకు?"

మా వారు ముఖము త్రిప్పుకొనిరి. పిల్లవాడు నవ్వలేదు. గట్టుమీద నిలువబడి చూచుచున్న లస్కరొకడు మెల్లగా దిగివచ్చెను. నడివయస్సు దాటినవాడు.

"ఏ ఊరండి మామ్మగారూ?"

అత్తగారు చెప్పిరి.

"ఆయ్, శివారండి పాపం. మేం ఇక్కడ లెక్కప్రకారమే వదులుతామండి. ఎంత వదిలినా దారి బాగుండాలి కదండి. వెళ్లేటప్పుడు గట్టు వెంబడి నెమ్మదిగా వెళ్లండి. తమరే చూస్తారు."

అతడు వరదల రోజులలో రాత్రింబవళ్లు తలుపులవద్ద నుండుటనుగూర్చి, తన భార్య అప్పుడు టిఫిను గిన్నెలో అన్నము పంపుటనుగూర్చి కొంతసేపు చెప్పెను. అత్తగారు పూతరేకుల పెట్టె నొకటి తీసి అతని చేతికిచ్చిరి. అతడు వలదనెను. "నీ కోసం కాదు నాయనా, అన్నం పంపే ఆవిడకివ్వు" అని చేతిలో పెట్టిరి. ఇన్నేండ్లుగా మేము తినిన అన్నమునకు తలుపు త్రిప్పిన చేయి యొకటి యుండునని మాకెన్నడును తోచలేదు.

గట్టు వెంట నెమ్మదిగా వచ్చితిమి. చూచినదంతయు వ్రాయనక్కరలేదు, మీ యూరి కాలువను తలచుకొనిన చాలును. ఇండ్ల మురుగు గొట్టములు, కోళ్ల యీకలు, గుర్రపుడెక్క, విరిగిన బొమ్మలు. లొల్ల లాకులవద్ద కాలువ చీలి అమలాపురము వైపునకు, గన్నవరము వైపునకు పోవును. చిన్నతనమున భయపడిన లాకులవంటివే యని అత్తగారు దిగి చూడగోరిరి. తలుపుల ముందర నీటిపై తెట్టెవలె ప్లాస్టిక్ సంచులు పట్టియుండెను. ఒకదానిలో ఎండిన బంతిపూలు, కొబ్బరిచిప్పలు, కుంకుమ పొట్లము. దాని ప్రక్కన అట్టిదే మరియొకటి. లెక్కింప మొదలిడి పిల్లవాడు ఇరువదివద్ద మానెను.

"మన సంచి ఏదమ్మా?" అని అత్తగారు అడిగిరి.

"పైన వదిలేశామండీ, వంతెనమీద."

ఆమె మరి మాటలాడలేదు. కారెక్కువరకు మేమును తలయెత్తలేదు. నీరు మురికి చేయువారు ఎవరో పైవారని ఇన్నేండ్లు తిట్టుకొంటిమి. ఆ దినమున మాకంటె దిగువనున్నవారికి మేమే పైవారమైతిమి. ఇంటికి వచ్చిన పిమ్మట నిర్మాల్యమును కొబ్బరిచెట్టు పాదులో వేయుట అలవాటు చేసికొంటిమి. మొదట మనస్సు ఒప్పలేదు; దేవుని పువ్వు తొక్కుడు పడునని భయము. పాదుచుట్టు ఇటుకలు పేర్చిన పిమ్మట ఆ భయము తీరినది.

ఈ యేడు జూనులో కాలువకు నీరు వచ్చుచున్నదని తెలియగానే అత్తగారు మా వారిని పిలిచి, "తూము దగ్గర గుర్రపుడెక్క తీశారా?" అని అడిగిరి. అది కాలువవారు తీయవలసినదని ఆయన అనిరి. "వాళ్లు వచ్చేలోగా మనం తీద్దాం" అని ఆమె అనిరి. మా వారును, ఇరుగుపొరుగు రైతులు నలుగురును, సెలవులకు వచ్చిన పిల్లలును రెండు దినములు దిగి లాగిరి. ఒడ్డున పోసిన డెక్క మనిషెత్తు గుట్టయైనది. మేము గంజి, మజ్జిగ అందించితిమి. మా కాళ్లకును జలగలు పట్టినవి.

మూడవనాటి సాయంకాలము నీరు రేవునకు చేరెను. అత్తగారు తామే పోయి అరటిదొప్ప కోసికొని వచ్చిరి. కన్ను సరిగా ఆనదు కనుక వత్తి మేము వెలిగించితిమి. ధర ఈ యేడెట్లుండునో, శ్రావణములో ముంపు వచ్చునో రాదో ఎవ్వరికిని తెలియదు. దీపము మెల్లగా కదలి మలుపు వరకు పోయి, అచ్చట మిగిలిన గుర్రపుడెక్కకు తగిలి ఆగిపోయెను.

"ఆగిందా?" అని అడిగిరి.

"మలుపు దగ్గర ఆగిందండీ."

"రేపు అది కూడా తీయించండి" అని చెప్పి, మా భుజము ఆసరాగా గట్టెక్కిరి.