నీళ్లు ఎలా ఉన్నాయి?

ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలవగానే మేము ముందుగా అడిగే ప్రశ్న "మీది ఏ ఊరు?" అని. మామూలు బడిలో అది చాలా తేలికైన ప్రశ్న. మన బడిలో కాదు. "పుట్టింది జామ్‌నగర్‌లో మేడమ్, నాన్నగారిది గుంటూరు, మొన్నటిదాకా తేజ్‌పూర్‌లో ఉన్నాం" అని ఒకమ్మాయి చెబుతుంది. ఇంకొకరు ఏమీ చెప్పకుండా కిటికీలోంచి చూస్తారు. ఈ ఏడాది ఆరో తరగతి బాబు ఒకడు "ఇప్పటి ఊరా మేడమ్, అసలు ఊరా?" అని తిరిగి మమ్మల్నే అడిగాడు.

మా తాతయ్యను ఎవరైనా ఇలా అడిగితే ఆయన ఊరి పేరు చెప్పేవారు కాదు, లైను చెప్పేవారు. "పార్వతీపురం, గుమడ, కూనేరు, జిమిడిపేట, లడ్డ, రాయగడ..." అలా టిట్లాగఢ్ దాకా ఒక్క స్టేషనూ వదలకుండా చెప్పి, అప్పుడు ఊపిరి పీల్చుకునేవారు. మా చిన్నప్పుడు మాకు అది పాటలాగే ఉండేది. మనవలం, మనవరాళ్లం కలిసి ఏడుగురం. ఎవరు ఎక్కడ ఆగిపోతే వాళ్లు ఆ స్టేషన్లో దిగిపోయినట్టు. లడ్డ దగ్గర మాత్రం అందరికీ నవ్వొచ్చేది.

తాతయ్య పుట్టింది బొబ్బిలి పక్క పల్లెలో, 1931లో. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం పూర్తయింది కూడా ఆ ఏడాదే. "నేనూ ఆ లైనూ ఒక ఈడువాళ్లం" అనేవారు. చదువు అయిదో తరగతితో ఆగింది. 1954లో రైల్వేలో పోర్టరుగా చేరి, తర్వాత పాయింట్‌మేన్ అయి, 1989లో రిటైరయ్యారు. ఆ ముప్ఫై అయిదేళ్లలో పదకొండు బదిలీలు. మామ్మ వాటిని ఊళ్లతో కాదు, పోయిన సామానుతో లెక్కపెట్టేది. బదిలీ అయితే సామాను పంపడానికి కిట్ పాసు ఇచ్చేవారట, కానీ టిట్లాగఢ్‌లో రుబ్బురోలు ఎత్తేవాళ్లు దొరక్క అక్కడే వదిలేశారు. ఆ రోలు గురించి మామ్మ తాతయ్యను సాధించని పండగ లేదు. ఇప్పుడు ఇంట్లో గ్రైండరు ఉంది. అయినా "ఆ రోట్లో రుబ్బిన పప్పే వేరు" అంటుంది.

మాలో ఎవరం తాతయ్యను డ్యూటీలో చూడలేదు. ఆయన రిటైరయ్యేనాటికి మాలో పెద్దవాళ్లకే నాలుగైదేళ్లు. కానీ ఆయన వీధి అరుగు మీద నిలబడి ఎన్నోసార్లు చేసి చూపించారు. అప్పట్లో ఆ దారి అంతా ఒకటే లైను. ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు కదా. అందుకని ప్రతి స్టేషన్లోనూ ఒక యంత్రం, అందులో ఇనుప బంతులు. పక్క స్టేషను వాళ్లు సరేనని వాళ్ల యంత్రం నొక్కితే తప్ప ఈ యంత్రం నుంచి బంతి బయటకు రాదు. ఒక బంతి బయట ఉందంటే, అది మళ్లీ రెండింటిలో ఏదో ఒక యంత్రంలోకి చేరేదాకా రెండోది రాదు. ఆ బంతిని తోలుసంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి, డ్రైవరు చేతికి అందించాలి. అది చేతిలో లేకుండా డ్రైవరు ముందుకు కదలకూడదు. స్టేషన్లో ఆగని బండి అయితే తాతయ్య వలయాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడేవారు. డ్రైవరు పరుగులోనే చెయ్యి దూర్చి అందుకుని, వెనక స్టేషన్‌ నుంచి తెచ్చిన వలయాన్ని కిందికి విసిరేవాడు. ఆయన ఎడమ మోచేతి మీద ఒక పొడుగాటి మచ్చ ఉండేది. అలా విసిరిన వలయం ఒకసారి తగిలినదే.

మా నాన్నగారిది టెలిఫోన్ శాఖ. అదీ బదిలీల ఉద్యోగమే. మేము చదివిన బళ్లలో హిందీ, సంస్కృతం ఉండేవి, తెలుగు ఉండేది కాదు. మా తెలుగంతా తాతయ్య పోస్టుకార్డుల్లోంచి వచ్చింది. నెలకు రెండు కార్డులు, తప్పేవి కావు. "చిరంజీవులకు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం" అని మొదలయ్యేవి. ఆ వెంటనే రెండో మాట ఎప్పుడూ ఒకటే: "అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి?"

చదువు ఎలా ఉంది అని కాదు, స్నేహితులు దొరికారా అని కాదు. నీళ్లు! మేము నాగపూర్ వెళ్లినా, ఖరగ్‌పూర్ వెళ్లినా అదే ప్రశ్న. దానికి జవాబు రాయకపోతే తర్వాతి కార్డులో మళ్లీ అడిగేవారు. మేము విసుక్కుంటూ "నీల్లు బాగున్నాయి" అని రాసేవాళ్లం. పదిహేను రోజులకు మా ఉత్తరం మాకే తిరిగి వచ్చేది, "నీల్లు" చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి. పక్కన "ళ" అని పెద్దగా రాసి ఉండేది. ఇప్పుడు మీ నోటుపుస్తకాలు దిద్దుతుంటే అదే తప్పు కనిపిస్తుంది. మీ మీద కోపం ఎలా వస్తుంది చెప్పండి?

ఆయనకు ఇంకో అలవాటు ఉండేదని మామ్మ నవ్వుతూ చెప్పేది. బదిలీ అయిన ఊరికి ఎప్పుడూ ఇంటిల్లిపాదినీ వెంట తీసుకెళ్లేవారు కాదట. ముందు తానొక్కరే వెళ్లి, వారం రోజులు ఆ క్వార్టర్‌లో ఉండి, ఆ బావి నీళ్లు తాగి, అప్పుడు వచ్చి అందర్నీ తీసుకెళ్లేవారు. "రాజుగారి భోజనం ముందు రుచి చూసేవాడిలాగ" అనేది మామ్మ. మేము కూడా నవ్వేవాళ్లం.

2022 జనవరిలో తాతయ్య పోయారు. తొంభయ్యో పడి దాటిన మనిషి, ముందురోజు సాయంత్రం కూడా పాసింజరు వేళకు గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డారట. మేము అప్పుడు అస్సాంలో ఉన్నాం. రెండు రైళ్లు మారి ఇల్లు చేరేసరికి మూడోరోజు. ఆయన ముఖం మేము చూడలేదు. ఇలాంటివి బదిలీ ఉద్యోగాల ఇళ్లల్లో చాలామందికి జరుగుతాయని తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమీ తగ్గదు.

అస్థికలు ఎక్కడ కలపాలన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. చిన్నాన్న గోదావరి అన్నారు, రాజమండ్రి వెళ్దామన్నారు. అత్తయ్య, తోటపల్లి దగ్గర నాగావళి చాలునంది. మామ్మ అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, "రాయగడ" అంది. అదీ నాగావళే కదా, ఇంత దూరం ఎందుకు అని అడిగితే మళ్లీ "రాయగడ" అంది, అంతే.

రైల్లోనే వెళ్లాం. పార్వతీపురం దాటాక మాలో ఎవరో గుమడ, కూనేరు అని మెల్లగా అనడం మొదలుపెట్టారు. లడ్డ దగ్గర ఈసారి ఎవరూ నవ్వలేదు. రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నదిలోకి దిగాం. మామ్మ ఒడ్డున రాయి మీద కూర్చుని, నీళ్లు చూస్తూ, మాకెవరికీ తెలియని సంగతి చెప్పింది.

మా నాన్నగారి కంటే ముందు వాళ్లకు ఒక బాబు. 1957లో వానాకాలంలో రాయగడ క్వార్టర్లో ఉండగా వాడికి పద్నాలుగు నెలలు. బావిలోకి వాననీళ్లు దిగాయి. సాయంత్రం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తాతయ్యది రాత్రి డ్యూటీ. అర్ధరాత్రి దాటాక పక్కింటి కుర్రాడు స్టేషనుకు పరుగెత్తి చెప్పాడు. అప్పటికే గూడ్సు బండికి బంతి తీసేశారు, బండి దగ్గరకొచ్చేసింది. తాతయ్య వలయం పట్టుకుని నిలబడి, అది అందించి, గార్డు పెట్టె దాటిపోయాక పరుగెత్తుకొచ్చారు. వచ్చేసరికి అయిపోయింది. తెల్లారి ఈ ఒడ్డునే ఎక్కడో పూడ్చారు. రెండు నెలలకు బదిలీ.

"ఆ బండి ఆగితే ఏటయ్యేది? అని ఒక్కసారి అడిగాను" అంది మామ్మ. "మీ తాత మాటాడలేదు. మళ్లీ నేనూ అడగలేదు. అరవై అయిదేళ్లు."

పూడ్చిన చోటు ఎక్కడని మామ్మ వెతకలేదు. మేమూ అడగలేదు. ఒడ్డు ఎంత మారిపోయిందో ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. అస్థికలు నీళ్లలో వదులుతుంటే చిన్నాన్న చేతులు వణికాయి. ఆయనకూ ఒక అన్న ఉన్నాడని ఆరోజే తెలిసింది.

ఇక్కడ ఒక మాట. మీ సైన్సు టీచరు ఓఆర్‌ఎస్ గురించి చెప్పే ఉంటారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది. బెంగాల్‌లోని బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడారు. చేతికి సూది అక్కర్లేదు, కన్నతల్లే తాగించవచ్చు. మామ్మ వంటింట్లో ఆ రాత్రి ఉప్పూ ఉంది, పంచదారా ఉంది. ఆ సంగతి లోకానికి తెలియడానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది, అంతే. ఆ డాక్టరు కూడా 2022లోనే, అక్టోబరులో పోయారు. ఆ వార్త చదివిన రోజు మేము తరగతిలో పాఠం సరిగ్గా చెప్పలేకపోయాం.

మేము అస్సాం తిరిగి వెళ్లిన పదిహేను రోజులకు ఒక పోస్టుకార్డు వచ్చింది. తాతయ్యదే. కొత్త చిరునామా ఫోనులో చెప్పించుకుని కూడా, చేతికి అలవాటైన పాతదే రాసేశారు. పాత బడివాళ్లు దాన్ని కొట్టేసి, పక్కన కొత్తది రాసి పంపారు. అక్షరాలు లైను దాటి కిందికి జారిపోతున్నాయి. "ఆశీర్వదించి వ్రాయునది" తర్వాత ఏముందో మీకు చెప్పక్కర్లేదు. దానికి జవాబు రాశాం, "ళ" జాగ్రత్తగా చూసుకుని. పోస్టు చెయ్యలేదు. ఆ రెండు కార్డులూ ఒకే కవరులో ఉన్నాయి.

తర్వాత ఇక్కడికి బదిలీ అయింది. మామ్మకు రాయడం రాదు, ఫోను చేసింది. సామాను చేరిందా, ఏమైనా పగిలిందా అని అడుగుతుందనుకున్నాం.

"నీళ్లు ఎలా ఉన్నాయే అమ్మలూ?"

"బోరు నీళ్లు మామ్మా. కొంచెం ఉప్పగా ఉన్నాయి."

"అయితే కందిపప్పు ఉడకదు. ముందే నానబెట్టుకోండి. బాబుకి మాత్రం కాచి చల్లార్చినవే పట్టు."