కవరుమీది పేరు

ఉపాధ్యాయ శిక్షణకై మేము హోసూరు విడిచి ఆంధ్రదేశమునకు బోయిన దినములలో, వసతిగృహపు వాకిట నొక బల్ల యుండెడిది. వచ్చిన యుత్తరము లన్నియు దానిపై పఱచి యుంచెడివారు. ఒకరి యుత్తరమును మఱియొకరు విప్పి యెఱుగరు. అయినను, మా పేరిట బ్యాంకునుండి వరుసగా వచ్చిన కవర్లను జూచి, మా చదువు అప్పుపై నడచుచున్నదని పదిదినములలో అందఱికిని దెలిసిపోయెను. లోపలి కాగితమును ముట్టకయే, పైనున్న పేరు మా యింటి గుట్టును బయటబెట్టినది.

2022 జనవరిలో ఆపిల్ వారి సఫారీ బ్రౌజరునందలి లోపమును గూర్చి చదివినప్పుడు ఆ బల్లయే మాకు జ్ఞప్తికి వచ్చెను. ఒక వెబ్‌సైటు దాచుకొన్న సమాచారమును వేఱొక వెబ్‌సైటు చూడరాదనుట బ్రౌజరులకు మూలనియమము. వెబ్‌సైట్లు తమ సమాచారమును మన ఫోనులోనే, ఇండెక్స్‌డ్‌డీబీ యను కొట్టులో, పేరుపెట్టిన పెట్టెలయందు భద్రపఱచుకొనును. సఫారీ 15లో నొక సైటు తన పెట్టెను వాడినంతనే, అదే పేరుగల ఖాళీపెట్టె యొకటి అప్పుడు తెఱచియున్న తక్కిన సైట్లకును ఏర్పడుచుండెను. లోపలి సరకు వానికి దక్కలేదు. పేరు మాత్రము దక్కెను. ఆ పేరునుబట్టి మన మే సైటు చూచుచున్నామో కనిపెట్టవచ్చును. యూట్యూబు మొదలగు గూగుల్ సేవలు ఆ పేరులో ఖాతాదారుని గుర్తింపుసంఖ్యను గూడ జేర్చుటచే, మనిషినే గుర్తుపట్టు వీలు కలిగెను. ఐఫోనులో నితర బ్రౌజరులును ఆపిల్ వారి వెబ్‌కిట్‌తోనే నడచుచుండుటచే, బ్రౌజరు మార్చినను ప్రయోజనము లేకపోయెను. ఫింగర్‌ప్రింట్‌జేఎస్ వారు ఈ లోపమును 2021 నవంబరు 28న దెలియజేయగా, 2022 జనవరి 26న దిద్దుబాటు వెలువడెను.

మన యిండ్లలో తఱచుగా ఫోను ఒక్కటే. బిడ్డ పాఠము, తల్లి వైద్యము, తండ్రి అప్పు, అక్క పెండ్లిమాటలు అన్నియు నందులోనే. దిద్దుబాటు వచ్చినదను ప్రకటన తమిళముననో ఆంగ్లముననో కనబడగా, “ఇదేమి పంతులుగారూ?” అని తల్లులు మమ్ము అడిగియుండిరి. “తరువాత చూతములెండు” అని మేము చెప్పి పంపితిమి. అది మా తప్పు.

వసతిగృహమున పెద్దలు కొన్నాళ్లకు బల్ల తీయించి, ఒక్కొక్కరికి తలుపుగల గూడు చేయించిరి. అందులకు మేము చేయవలసిన పని లేకపోయెను. ఫోనులోని దిద్దుబాటు మాత్రము పలుమారులు మన వ్రేలికొఱకు వేచియుండును. బాలబాలికలారా, అట్టి ప్రకటన కనబడినప్పుడు మీ తల్లిదండ్రులకు దానిని చదివి, తెలుగున అర్థము చెప్పుడు. మేము చెప్పక విడిచిన మాట అదియే.