రెండవ హార్మోనియము

పరిమితాదాయముతో సంసారము నడుపుకొనుచు, సంగీతమునం దభిరుచి గలవారి కుపకరించునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మావారు కోరుట్లలో నుపాధ్యాయులు. సరళీస్వరములు నేర్చుటకై కొన్న మా చిన్న హార్మోనియమునకు మెట్టు కొక్కటే రీడు. ఏకాంతమున పాడుకొనుటకు చాలును. శుక్రవారపు భజనలో పదిమంది గొంతుల నడుమ దాని నాదము మునిగిపోవును, పిల్లలు శ్రుతి తప్పుదురు. మెట్టుకు రెండు రీడులు, అందొకటి క్రిందిస్థాయిది, గల పెట్టె కావలెను. రెండేండ్లు కూడబెట్టినది 9,000 రూపాయలు. క్రొత్తది దొరకక, వాడినదానినే వెదకితిమి.

పైమెఱుగుతో మనకు పనిలేదు. స్టాపర్లన్నియు మూసి, మెట్లు ముట్టక, తిత్తిని నాలుగుమాఱు లాడింపుడు. గాలి నిండిన పిమ్మటను తిత్తి తేలికగా ముడుచుకొనుచుండినచో నెచ్చటనో గాలి పోవుచున్నదని యర్థము. పిదప నొక్కొక్క మెట్టును మెల్లని గాలితో పలికింపుడు. ధూళి చేరి గరగరలాడు రీడును తుడువవచ్చును. ఇత్తడి నాలుక చిట్లినచో మార్చవలసినదే. ఆ ఖర్చును ధరలో తగ్గింపుమనుటకు సిగ్గేల? నేనడిగితిని, తగ్గించిరి. స్కేలుచేంజరు గలది వలదంటిని. శ్రుతి మారినప్పుడు వ్రేళ్లే జరుపుకొందును.

ఎంత వెచ్చించినను ఈ వాద్యమున గమకము పలుకదు. ఆకాశవాణి దీనిని 1940లో నిషేధించి, 1971లో గాని సడలింపకుండుటకు చెప్పిన కారణములలో నిదియొకటి. భజనకు మాత్రము గమకముకంటె నిలుకడయే ముఖ్యము. గత శుక్రవారము పిల్లలు చివరిదాక శ్రుతి వీడలేదు.