రాత్రి బండి ఎక్కడ నిలపాలి?



సేవాగ్రాం ఆసుపత్రిలో పొద్దున్నే ఓపీ లైనులో ఉండాలంటే మేము ముందు రోజే బయలుదేరాలి. కరీంనగర్ నుండి జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా వెళ్లి ఆర్మూరు దగ్గర 44వ నంబరు రహదారి ఎక్కుతాము. గోదావరి దాటాక నిర్మల్, ఇచ్చోడ, గుడిహత్నూర్, ఆదిలాబాద్. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అమెరికాలో ఇంటిబండ్లు రాత్రి నిలుపుకోవడానికి నీళ్లు, కరెంటుతో స్థలాలు ఉంటాయట. మనకున్నవి దాబాలు, పెట్రోలు బంకులు. దాబాలో మగవాళ్లు నులక మంచం మీద వాలిపోతారు. మరి జబ్బుతో ఉన్న అవ్వ ఎక్కడికి పోవాలి? అందుకే మేము మొదట చూసేది మరుగుదొడ్డి: నీళ్లున్నాయా, గొళ్లెం పడుతుందా, లైటు వెలుగుతుందా.

పెద్ద బంకే మేలు. పొద్దుగూకకముందే ఆగి, అక్కడివారిని అడిగి, గోడవారన నిలుపుతాము. రోడ్డు అంచున మాత్రం వద్దు. వెనుక వచ్చే లారీకి ఆగిన బండి కనబడదు. ఏసీ కోసం ఇంజను వేసి, అద్దాలు మూసి నిద్రపోకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. దారిలో ఆపద వస్తే 1033కు ఫోను చేయండి.

న్యాయాధిపతుల 19వ అధ్యాయంలో గిబియా వీధిలో పొద్దుగూకిన లేవీయుని ఊరివాళ్లెవరూ పిలవలేదు. పిలిచిన ముసలివాడు ఎఫ్రాయిము మన్యము నుండి వచ్చి అక్కడ బతుకుతున్నవాడు. (ఆ రాత్రి తరువాత జరిగిన ఘోరం మీరు చదివే ఉంటారు.) పోయినసారి గుడిహత్నూర్ దాటాక మా ఆడవాళ్లకు లోపలి మరుగుదొడ్డి తాళం ఇచ్చింది బీహారు నుండి పనికొచ్చిన పిల్లవాడు.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాము. ఆ దారిలో ఏ మందిరానికైనా గేటు, నీళ్లు, మరుగుదొడ్డి ఉంటే చెప్పండి. చాపలు మేమే తెచ్చుకుంటాము.